ఉప్పులేని మొక్కు

మొన్న ముదలియార్‌పేటలో దూరపు చుట్టాల ఇంట సీమంతానికి వెళ్ళాను. పీట మీద కూర్చోబెట్టిన పిల్ల చూడడానికి ముచ్చటగా ఉంది. ఆడవాళ్ళు చుట్టూ చేరి, ఎంత ఒళ్ళు చేసిందో, మొహం ఎంత నిండుగా ఉందో చెప్పుకుని మురిసిపోతున్నారు. పాదాలకు పసుపు రాయడానికి నేను వంగాను. వంగినదాన్ని పసుపు సంగతి మరిచి, పిల్ల కుచ్చెళ్ళు జానెడు పైకి జరిపి, మోకాటికీ చీలమండకూ నడుమ ఎముక మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కాను. పిల్ల బెదిరిపోయి చూసింది. వేలు తీశాను. పల్లం పడలేదు, చర్మం తన చోటికి తాను వచ్చేసింది. అప్పుడు గాని నాకు ఊపిరి ఆడలేదు.

"ఏంది పెద్దమ్మా, పసుపు అంత లోతుకు పూస్తారా?" అని పక్కనున్నావిడ నవ్వింది. నేనూ నవ్వేశాను.

ఆ నొక్కడం నాది కాదు, మా అత్తగారిది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఇంటికి వచ్చి దీపం పెట్టి కూర్చున్నాక, ఆమె గురించి నాలుగు మాటలు రాసి పెట్టాలనిపించింది. ఆమెకు మన అక్షరాలు రావు. ఈ అరవ ఊళ్ళో తరాలుగా ఉన్న తెలుగువాళ్ళలో చాలామందికి రావు. కడలూరులో మా నాన్న నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని బియ్యంలో రాయించిన అక్షరాలు ఆమె గురించి చెప్పడానికి పనికొస్తే, ఆ అక్షరాలకు అంతకంటే పుణ్యం ఏముంటుంది.

మా అత్తగారు పొట్టి మనిషి. నడిచేటప్పుడు కొంగు ఎడమ చేత్తో బిగించి పట్టుకుని, తల కొంచెం వంచి, ఎదురుగాలిలో పోతున్నట్టు పోయేది. గాలి లేని రోజున కూడా అంతే. నోరు తెరిచే ముందు ముక్కుపుడక ఒకసారి తిప్పుకునేది. పుడక తిరిగిందంటే ఎవరికో మూడిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఇక మడి. మీద కాకి ఈక పడితే తలస్నానం. బజారు నుంచి వచ్చిన బెల్లం ముద్దను కూడా కడిగి లోపలికి తెచ్చేది. కరిగిపోతుంది అత్తా అంటే, "కరిగింది బజారుది, మిగిలింది మనది" అనేది.

ఊరగాయ పెట్టడంలో ఆమెకు ఈ వీధిలో సాటి లేదు. ఉప్పును కంటితో చూసి వేసేది కాదు. పిడికిట్లో పట్టుకుని, చెవి దగ్గర నలిపి, ఆ చప్పుడు విని వేసేది. తేమ ఉన్న ఉప్పు ఒకలా పలుకుతుందట, ఎండిన ఉప్పు ఒకలా పలుకుతుందట. నాకు ఇప్పటికీ ఏ తేడా వినిపించదు.

తిట్టడం సంగతి చెప్పకపోతే ఆమెను చెప్పినట్టు కాదు. పొద్దున పాలవాడితో మొదలుపెట్టి, బట్టల దుకాణానికి బయల్దేరే మామగారి మీదుగా, మా వారిని ముట్టించి, నా దగ్గరకు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. కొత్తలో నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని. తరవాత తెలిసింది, ఆమె తిడుతూ ఉందంటే ఇల్లు క్షేమంగా ఉన్నట్టు. మనసులో భయం పుట్టినప్పుడు మాత్రమే ఆమె మర్యాదగా మాట్లాడేది. "అమ్మా", "తల్లీ" అన్నదంటే అందరం చేతిలో పని వదిలేసి ఆమె మొహం చూసేవాళ్ళం.

నాకు మొదటి కడుపు వచ్చినప్పుడు పుట్టింట అమ్మ లేదు. అందుచేత పురుడు ఇక్కడే అనుకున్నారు. మొదటి నెలల్లో అన్నం సయించలేదు. తడి మట్టి వాసన వస్తే నోరూరేది. గోడ సున్నం గీరి తినాలనిపించేది, పొయ్యిలో చల్లారిన బూడిద తీపిగా తోచేది. అత్తగారు చూసి తిట్టింది గాని అదేమీ వింత కాదంది. కడుపుతో ఉన్న పిల్ల అడిగింది పెట్టాలి, లేకపోతే పుట్టే బిడ్డకు చెవిలో చీము కారుతుందని అందరూ అనేవాళ్ళు. నాకు ఆపైన ఉప్పు మీదికి పోయింది మనసు. ఊరగాయ, ఉప్పు మిరపకాయలు, అప్పడాలు. అడిగినవన్నీ వచ్చాయి.

ఏడో నెలలో గాజుల వేడుక చేశారు. ఈ ఊళ్ళో దాన్ని వళకాప్పు అంటారు. గాజులాయన నా చెయ్యి పట్టుకుని, ముందు తీసిన గాజులు పక్కన పెట్టి, పెద్దవి తీశాడు. అవీ ఎక్కలేదు. ఇంకా పెద్దవి తీశాడు.

ఎదురింటి పిన్నమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది. "చూస్తిరా, వదిన చేతి కూడు! కట్టె మాదిరి వచ్చిన పిల్ల, ఇప్పుడు గాజు పట్టడం లేదు."

అందరూ నవ్వారు. అత్తగారు నవ్వలేదు. పుడక మీదికి చెయ్యి పోయింది. ఎవరి మీద పడుతుందో అని చూశాం. చెయ్యి పుడకను తాకకుండానే దిగింది. ఆమె వచ్చి నా ముందు గొంతుక్కూర్చుని, నా కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసింది. అక్కడ చింతగింజ పట్టేంత గుంట పడింది. ఆ గుంట పూడేదాకా ఆమె కన్నెత్తలేదు. ఆడవాళ్ళ మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"అమ్మా," అంది ఆమె నాతో, చాలా మెల్లగా. "నువ్వు లోపలికి పోయి పడుకో తల్లీ."

నేను గాజుల మధ్యనుంచి లేచి లోపలికి పోయాను.

ఆ మధ్యాహ్నమే ఆమె మామగారితో, మా వారితో, పిల్లను దొర ఆస్పత్రికి తీసుకుపోవాలని చెప్పింది. మా వీధికీ దొరల వీధులకూ మధ్య కాలవ ఒకటే అడ్డం. మగవాళ్ళు రోజూ పనుల మీద దాటేవాళ్ళు. మా ఇంటి ఆడది వైద్యానికని దాన్ని దాటడం ఎన్నడూ లేదు.

"మన మంత్రసాని లేదా? ఆడికి పోతే దొర చెయ్యి పట్టుకుంటాడు," అన్నారు మామగారు.

"ఆ మంత్రసానే ఆ పొద్దు నా బిడ్డ పక్కన గూడా కూర్చుని ఉండె," అంది అత్తగారు. 

మామగారు కండువా భుజాన వేసుకుని దుకాణానికి వెళ్ళిపోయారు. మా వారికి ఒక అక్క ఉండేదని, కాన్పుకు వచ్చి ఈ ఇంట్లోనే పోయిందని నాకు తెలుసు. అంతకుమించి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆమె పడుకున్న గదిలో అప్పటికి దుకాణం మూటలు పెట్టేవాళ్ళు.

ఆస్పత్రిలో నాతో ఎక్కువగా మాట్లాడింది అక్కడి కన్యాస్త్రీ. దొర చెప్పేది ఆమె మాకు అరవంలో చెప్పేది. నేను మన మాటల్లో రాస్తున్నాను. దొర నా కింది కనురెప్ప లాగి చూసి, లోపల తెల్లగా ఉంది, రక్తం పలచబడింది అన్నాడట. మట్టి మీద కోరిక అందుకే పుట్టి ఉంటుందన్నాడట. తరవాత నన్ను పక్క గదికి పంపి నీళ్ళు పట్టి తెమ్మన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ నీళ్ళు కొంచెం సన్నటి గాజుగొట్టంలో పోసి, సారాయి దీపం మీద కాచి, పుల్లటి మందు రెండు చుక్కలు వేశారు. మంచినీళ్ళలా ఉన్నది కాస్తా మా కళ్ళముందే తెల్లబడింది. విరిగిన పాలలా అడుగుకు దిగింది.

"చూడు పెద్దమ్మా," అంది కన్యాస్త్రీ. "ఒంట్లో వడగట్టే గుడ్డ మాదిరి ఒకటి ఉంటుంది, నడుము వెనక రెండు పక్కలా. మామూలుగా పనికిరాని నీళ్ళే బయటికి పోవాలి. కడుపుతో ఉంటే ఆ గుడ్డకి ఇద్దరి పని. ఈ పిల్లకి గుడ్డ పిగిలినట్టుంది. ఒంటి సత్తువ గూడా దాంట్లో పోతా ఉంది. ఈ తెలుపు ఆ సత్తువే."

"సత్తువ పోతా ఉంటే ఇంకా మెండుగా పెట్టాల గదా?"

"గుడ్డకి పని తగ్గించాలి. పాలు తప్ప ఇంకేమీ వద్దు. వాపు దిగితే అప్పుడు అన్నం, ఆకుకూర. ఉప్పు మాత్రం కాన్పుదాకా నాలిక మీద పెట్టకూడదు. ఇది తగ్గకపోతే మూర్ఛలు వస్తాయి. మూర్ఛ వస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు."

అత్తగారు ఆ గొట్టాన్ని చూస్తూ ఉండిపోయింది. తిరిగి వస్తుంటే కాలవ దగ్గర, "తల నొచ్చినా, కండ్ల ముందర మెరుపులు కనబడినా నాకు చెప్పాల. దేవుడికి చెప్పుకునే ముందర నాకు చెప్పాల," అంది. నా అలవాటు ఆమెకు తెలుసు.

మర్నాడు పొద్దున ఆమె వాకిట నిలబడి, వీధి మొత్తానికీ వినబడేలా ప్రకటించింది. కోడలి కడుపు పండినందుకు పిళ్ళయారుకు, ఆ తొండం దేవుడికి, మొక్కుకున్నాననీ, పురుడు వచ్చేదాకా తనూ కోడలూ ఉప్పు ముట్టబోమనీ. ఇక ఎవరు ఏమంటారు? కడుపుతో ఉన్న పిల్లకు చప్పిడి కూడు పెడితే అత్త రాక్షసి అనేవాళ్ళే, మొక్కు అనేసరికి చెంపలు వేసుకున్నారు. మామగారు కూడా ఊరుకున్నారు. నేను పూర్తిగా నమ్మాను. పాలగ్లాసు ఎత్తేముందు కళ్ళకద్దుకునేదాన్ని. ఒట్టి పాలు తాగి తాగి కడుపులో తిప్పినప్పుడు, ఇది దేవుడికే కదా అనుకుని మింగేదాన్ని.

అత్తగారు నాతోపాటు చప్పిడి తిన్నది. ఊరగాయ జాడీల మూతలకు గుడ్డ కట్టి అటక ఎక్కించింది. కొంత వాపు దిగి అన్నం తినమన్నాక, ఇనుప మూకుట్లో మునగాకు వేయించేది, రక్తానికి ఇనుము మంచిదని కన్యాస్త్రీ చెప్పిందని. ఉప్పులేని మునగాకు తిన్నవాళ్ళకు తెలుస్తుంది అది ఎలా ఉంటుందో. ఆమె మొహం ముడవకుండా నమిలి, "దీన్ని తినే మేక గూడా తిట్టుకుంటాది," అనేది.

వారం వారం నా నీళ్ళు ఆస్పత్రికి చేరాలి. ప్రతిసారీ నేను కదలడం మంచిది కాదన్నారు. ఇంట్లో ఎవరి చేత పంపుతుంది? ఆమే మోసింది. కాకి ఈకకు తలస్నానం చేసే మనిషి, ఖాళీ సెంటు సీసా ఒకటి కడిగి, అందులో పట్టించి, బిరడా బిగించి, పూలసజ్జలో అరిటాకు పరిచి పెట్టి, పైన కనకాంబరాలూ మరువమూ కప్పి బయల్దేరేది. ఎదురుగాలి నడక. పిళ్ళయార్ కోవెల కూడా కాలవకు ఆ పక్కనే, సముద్రం దగ్గరే. ఎవరికీ అనుమానం రాలేదు. నేను కిటికీలోంచి చూసేదాన్ని.

ఒకనాడు పిన్నమ్మ ఎదురొచ్చింది. "యాడికి వదినా, కోవెలకేనా? ఒక పువ్వు ఇయ్యి, కండ్లకద్దుకుంటా."

"మడిలో ఉండా. దూరం పో."

"పోయేటప్పుడే కదా మడి. వచ్చేటప్పుడన్నా ఇస్తావా?"

"వచ్చేటప్పుడు ఇంకా మడి."

"సజ్జ దగ్గర సెంటు వాసన వస్తా ఉండాదే. పిళ్ళయారుకు సెంటా?"

"అదంతా నీకెందుకే? తెల్లోళ్ళ వీధిలో ఉండాడు, ఆయన ముచ్చట ఆయనది," అని ఆమె సాగిపోయింది. నేను కిటికీ ఊచలు పట్టుకుని నవ్వాను. నవ్వినందుకు లెంపలు వేసుకున్నాను.

ఆమె తిరిగి వచ్చేదాకా నాకు నవ్వు ఉండేది కాదు. గొట్టంలో తెలుపు ఎంత దిగిందో ఆమె చెప్పేది కాదు. నేను ఆమె గొంతు వినేదాన్ని. గడపలోకి వస్తూనే చీపురు ఎందుకు నిలబెట్టారని కేకలు వేస్తే ఆ వారం తగ్గినట్టు. మొదట్లో వరసగా అలాగే జరిగింది. ఆమె తిట్లు వింటూ నేను దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. ఒక వారం ఆమె వచ్చి, కాళ్ళు కడుక్కుని, నా పక్కన కూర్చుని, "పాలు తాగితివా తల్లీ?" అంది. ఆ తరవాతి వారం కూడా తల్లీ అనే అంది. మళ్ళీ అన్నం ఆపేసి ఒట్టి పాలకు వచ్చాం. మొహం వాచి నా కళ్ళు సగమే తెరుచుకునేవి. ఉంగరం సబ్బునీళ్ళతో కూడా రాలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మొక్కు మమ్మల్ని చుట్టుకుంది. వీధి ఆడవాళ్ళు మంచి మనసున్నవాళ్ళు. నా కోసమని పిన్నమ్మ, ఇంకో ఇద్దరూ పిళ్ళయారుకు ప్రదక్షిణాలు చేసి, శనగల సుండల్, అంటే గుగ్గిళ్ళు, నైవేద్యం పెట్టించి, ఆకు దొన్నెలో మా ఇంటికి తెచ్చారు. నేను లేచి చెయ్యి పట్టాను. ప్రసాదం వద్దనడం నాకు పుట్టుకతో రాలేదు. పిన్నమ్మ నా అరచేతి నిండా పోసింది. ఆవాలు, కరివేపాకు, కొబ్బరి. ఉప్పు వాసన ఉండదంటారు. నాకు ఆ రోజు వచ్చింది.

"ఉప్పు మొక్కుకి ప్రసాదం అడ్డం కాదే. తిను," అంది పిన్నమ్మ. "కడుపులో బిడ్డ అడగతా ఉంటాడు, పావం."

అత్తగారు వంటింట్లోంచి వచ్చింది. నా చేతినీ, వాళ్ళ ముగ్గురి మొహాలనూ చూసింది. వద్దంటే, మరి మొక్కు ఏ దేవుడికని అడుగుతారు. తినమంటే దొర చెప్పింది ఆమెకు తెలుసు. నా చెయ్యి అలాగే చాచి ఉంది. ఆమె వచ్చి నా మణికట్టు పట్టుకుని, ఆ చేతిని నా కళ్ళకు అద్దించి, తరవాత వంగి నా అరచేతిలోంచి తన నోటితో మొత్తం తినేసింది. దొన్నెలో మిగిలింది కూడా తీసుకుని నిలబడే తినేసింది. వారాల తరబడి ఉప్పు ముట్టని మనిషి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి ఎందుకో నాకు తెలియదు.

"వదినా," అంది పిన్నమ్మ, నోట చెయ్యి పెట్టుకుని. "నీ మొక్కు!"

"నాది చెడిపోయె. దానిది నిలవనీ. బిడ్డ దానికి కదా పుట్టేది," అంది అత్తగారు. "ఉప్పు కొంచెం తక్కువైంది పో. రేపటినించి నన్ను అడిగి వేయించు."

వాళ్ళు వెళ్ళాక నేను పెరట్లో తులసికోట దగ్గర కూర్చున్నాను. ఆమె వచ్చింది.

"అత్తా, మొక్కు చెడింది కదా. ఏం చేద్దాం?"

"ఏ మొక్కు?"

"ఉప్పు మొక్కు."

"మొక్కూ లేదు మన్నూ లేదు. దొర వద్దన్నాడు. దొర వద్దన్నాడంటే ఈ వీధి ఊరుకుంటాదా, మీ మామ ఊరుకుంటాడా? దేవుడు వద్దన్నాడంటే అందరూ నోరు మూసుకుంటారు."

"దేవుడి పేరు పెట్టి..."

"చెప్పింది నేను. నువ్వు నమ్మి తినకుండా ఉండావు, నీది నిజం మొక్కే. నాది నేను చూసుకుంటాలే. ఆయనకీ నాకూ మాటలు లేక చాన్నాళ్ళయింది."

"మరి వారం వారం కోవెలకి..."

"కోవెల ముందర నించి పోతా ఉండా. లోపలికి పోలే."

ఆమె తులసి ఆకు ఒకటి తుంచి, వాసన చూసి పారేసింది.

"నా బిడ్డ గూడా ఇట్లే ఒళ్ళు చేసె. ఊరంతా పొగిడితే మురిసిపోతిని. ఊరగాయ లేకుండా ముద్ద దిగదు దానికి. నేనే కలిపి పెడితిని, ఈ చేత్తోనే. అడిగిందల్లా పెట్టాల అనిరి, పెడితిని. తల నొస్తా ఉండాదమ్మా అనె. దిష్టి తీస్తిని." 

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం దీపం పెట్టి నేను ఏమీ కోరలేదు. ఆమెను క్షమించమని కూడా అడగలేదు. క్షమించవలసింది ఎవరు ఎవరినో నాకు తేలలేదు. ఇంత దూరం నన్ను మోసినందుకు దండం పెట్టి ఊరుకున్నాను.

తొమ్మిదో నెల పడింది. ఒక పొద్దున పూజ దగ్గర కూర్చుంటే తలలో మేకు దిగినట్టయింది. కళ్ళముందు జరీ పోగులు ఆడాయి. ఎదురుగా ఒకటే దీపం, నాకు మూడు కనిపించాయి. పెదవి మీద దేవుడి పేరు ఉండగానే ఆపి, "అత్తా" అని పిలిచాను.

ఆమె పరుగెత్తుకొచ్చింది. మా వారిని పూస్‌పూస్ బండి తెమ్మంది. వెనకనుంచి మనిషి తోసే చిన్న బండి అది. మామగారు పంచాంగం చూసి, రాహుకాలం ఉంది, కాస్త వెళ్ళనీ అన్నారు.

"రాహువు ఇంట్లోనే కూర్చుని ఉండాడు. వాడి దగ్గర నించే ఎత్తుకుని పోతా ఉండా," అని ఆమె నన్ను ఎక్కించింది.

బండిలో ఒక్కరికే చోటు. ఆమె నా చెయ్యి వదలకుండా పక్కనే పరుగెత్తింది. కొంగు జారింది, తలముడి ఊడింది. బండివాడు తగిలినా, రోడ్డు మీద ఎవరు తగిలినా ఆమెకు తెలియలేదు. నాకు కాలవ మీది వంతెన కుదుపు గుర్తుంది. ఆ తరవాతది నాకు లేదు, విన్నదే. ఆస్పత్రి మంచం మీద నాకు మూర్ఛ వచ్చిందట. నాలిక కరుచుకుంటానని కన్యాస్త్రీ గుడ్డ చుట్టిన చెంచా తెచ్చేలోపల, అత్తగారు తన కుడిచేతి వేళ్ళు రెండు నా పళ్ళ మధ్య పెట్టిందట. చెంచా వచ్చినా ఆ వేళ్ళు విడిపించడానికి ఇద్దరు పట్టారట. నిద్రమందు ఇచ్చి, తలుపులూ కిటికీలూ మూసి, చీకటి గదిలో ఉంచారట. మరో మూర్ఛ వస్తే చెప్పలేం అన్నారట. రాలేదు. మర్నాటి సాయంత్రానికి దొర కాన్పు చేయించాడు. ఆడపిల్ల. పిడికెడంత. ఏడవడానికి చాలాసేపు ఆలోచించిందట.

నాకు తెలివి వచ్చాక మొదట కనిపించింది అత్తగారి చేతికి కట్టిన గుడ్డ. ఆ వేళ్ళ మీద నా పళ్ళ గుర్తులు ఆమె పోయేదాకా ఉన్నాయి. ఎవరైనా అడిగితే, "కోడలు కరిచింది. మీ ఇంట్లో గూడా ఉండారు కదా, జాగర్తగా ఉండండి," అనేది.

గండం గడిచిందని అప్పుడే అనలేదు. కాన్పు తరవాత కూడా మూర్ఛ రావచ్చన్నారు. రోజూ గొట్టం, రోజూ సారాయి దీపం. అత్తగారు మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆ గాజు కేసి కళ్ళార్పకుండా చూసేది. తెలుపు రోజురోజుకూ పలచబడింది. నా మొహం నాకు తిరిగి వచ్చింది, కాళ్ళ ఎముకలు కనబడ్డాయి. ఒక పొద్దున కన్యాస్త్రీ నీళ్ళు కాచి, చుక్కలు వేసి, గొట్టాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. అవతలి వేపచెట్టు ఆకులు అందులోంచి కనిపించాయి.

"ఇంక ఇంటికి పోవచ్చు పెద్దమ్మా," అంది.

అత్తగారు లేచి, అది ఇటు ఇమ్మని చెయ్యి చాచింది. మడి మనిషి. గొట్టాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ గొట్టం, ఈ దీపం, ఎన్నాళ్ళ నించి ఉండాయి ఈడ?"

కన్యాస్త్రీకి ఆమె ఎందుకు అడుగుతోందో తెలియదు. "నేను వచ్చినప్పటి నించి. అంతకు ముందర గూడా ఉండేవి," అంది సంతోషంగా. "మీ పక్క నించి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు, అంతే. నువ్వు గూడా ఇప్పుడే కదా వచ్చినావు."

మా వారి అక్క పడుకున్న గదికీ ఈ కిటికీకీ మధ్య ఉన్నది ఆ కాలవే.

"అవును," అంది అత్తగారు. "నేనే రాలే."

గొట్టాన్ని జాగ్రత్తగా దాని చెక్కలో పెట్టింది. నా బట్టలు మూట కట్టింది. నన్ను బండి ఎక్కించి, బిడ్డను తన మెత్తటి పాత చీరలో చుట్టి, రొమ్ముకు ఆనించుకుని పక్కన నడిచింది. వంతెన దగ్గర నేను, "ఇటు ఇవ్వండి అత్తా, బరువు," అన్నాను. ఆమె విననట్టే నడిచింది. కాలవ దాటి, మా వీధి మలుపు తిరిగి, మా గడప ముందు ఆగేదాకా బిడ్డను నాకు ఇవ్వలేదు.